ఉక్కపోతకు తగిన ఉడుపులు

పోయిన వేసవిలో హైదరాబాదునుండి నా బాల్యమిత్రుడొకడు మా ఇంటికి వచ్చెను. మాది కృష్ణా జిల్లాలో సముద్రమునకు దగ్గరగా నున్న ఊరు. బస్సు దిగి వీధి మలుపు తిరుగునప్పటికే అతని చొక్కా వీపునకు అంటుకొనిపోయినది. “మా దగ్గర నలభైమూడు డిగ్రీలు కాస్తున్నా ఇంత బాధ లేదురా. ఇక్కడ ముప్పైనాలుగే అంటున్నారు, మరి ప్రాణం ఇట్లా కొట్టుకుపోతుందేమిటి?” అని అడిగెను. భౌతికశాస్త్రము బోధించి బ్రతుకువాడను గనుక సమాధానము చెప్పక తప్పినది కాదు. చెప్పుచు చెప్పుచు అతని పెట్టెలోనికి తొంగిచూచితిని. రెండు జీన్సు లాగులు, ఒంటికి అతుక్కొనియుండు టీ షర్టులు నాలుగు, నిగనిగలాడు నల్లని పాలియెస్టర్ చొక్కా ఒకటి. మా ఊరి ఉక్కపోతకు వీనిలో ఒక్కటియు పనికిరాదు. ఆ సాయంకాలమే ఇద్దరమును బజారునకు పోయితిమి. అక్కడ ఏమి కొంటిమో, ఎందులకు కొంటిమో ఈ వ్యాసమున వివరింతును. తరగతిలో బాష్పీభవనము, ఆర్ద్రత అను పాఠములు చెప్పు ఉపాధ్యాయులకు ఇందలి లెక్కలు ఉపయోగపడవచ్చును.

చెమట కారుట వేరు, ఆరుట వేరు

మన శరీరము ఊరక కూర్చున్నప్పుడు సైతము సుమారు 100 వాట్ల వేడిని పుట్టించుచుండును. వేగముగా నడచునప్పుడు అది 300 వాట్లు దాటును. ఈ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవలయును. పోక లోపలనే నిలిచినచో శరీరపు లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ నుండి పైకి ప్రాకును. 40 డిగ్రీలు దాటి మతి తప్పినచో దానినే వడదెబ్బ అందురు. 2015 మే నెలలో వీచిన వడగాలులకు మన దేశమున రెండువేలమందికి పైగా మరణించిరి. వారిలో చాల ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వారే. కావున ఇది కేవలము సుఖమునకు సంబంధించిన విషయము కాదు.

వేడి బయటికి పోవుటకు నాలుగు దారులు కలవు. వహనము, సంవహనము, వికిరణము అను మూడును, చుట్టుప్రక్కల మన చర్మముకంటె చల్లగా నున్నప్పుడే పనిచేయును. వేసవిలో చర్మపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల ప్రాంతమున నుండును. గాలి 34 డిగ్రీలున్నప్పుడు ఈ మూడు దారులును దాదాపు మూసుకొనిపోయినట్లే. ఇక మిగిలినది నాలుగవ దారి, చెమట. ఒక గ్రాము చెమట ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలయును. ఆ వేడిని అది చర్మమునుండి తీసికొనును. ఊరక కూర్చున్న మనిషి తన 100 వాట్లను ఈ దారినే వదలించుకొనవలెనన్న గంటకు సుమారు 150 గ్రాముల చెమట ఆవిరి కావలయును. నడచునప్పుడు అంతకు మూడింతలు.

ఆవిరి కావలయును అనుటలోనే అసలు సంగతి యున్నది. ముక్కు చివరనుండి నేలమీద రాలిన చెమటబొట్టు లెక్కలోనికి రాదు. అది శరీరములోని నీటిని, ఉప్పును తీసికొనిపోవును గాని వేడిని తీసికొనిపోదు. మా తీరప్రాంతమువారు చెమట ఎక్కువ పోయుచున్నదని విసుగుకొందురు. నిజమునకు పోయుటలో దోషము లేదు, ఆరకపోవుటయే దోషము.

ఎందుకు ఆరదు? 35 డిగ్రీల వద్ద తడిసిన చర్మముమీది నీటియావిరి పీడనము 42 మిల్లీమీటర్ల పాదరసము. మా ఊరి గాలి 34 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 75 అనుకొందము. ఆ గాలిలోని ఆవిరి పీడనము 30 మిల్లీమీటర్లు. చర్మమునుండి ఆవిరిని బయటికి నెట్టునది ఈ రెండింటి భేదము, అనగా 12 మిల్లీమీటర్లు మాత్రమే. హైదరాబాదులో 43 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 20 అనుకొన్నచో గాలిలోని ఆవిరి పీడనము 13 మిల్లీమీటర్లు, భేదము 29. కనుక తొమ్మిది డిగ్రీలు తక్కువ కాసినను మా ఊరిలో చెమటను ఆరబెట్టు బలము సగముకంటెను తక్కువ. మిత్రుని ప్రశ్నకు జవాబిదే.

బడి ప్రయోగశాలలో తడిబల్బు ఉష్ణమాపకము ఉన్నచో దీనినే మరియొక విధముగా చూడవచ్చును. పైన చెప్పిన హైదరాబాదు గాలిలో అది సుమారు 25 డిగ్రీలు చూపును. మా ఊరి గాలిలో సుమారు 30. తడిబల్బు 35 డిగ్రీలకు చేరినచోట నీడలో కూర్చున్న మనిషియు బహుకాలము బ్రతుకజాలడని 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అను శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ఆరోగ్యవంతులైన యువతీయువకులపై ప్రయోగములు చేసి, తేమగాలిలో చిన్న చిన్న పనులు చేయుచున్నప్పుడు సుమారు 31 డిగ్రీలవద్దనే శరీరము పట్టుతప్పుచున్నదని ప్రకటించిరి. మా ఊరి 30కిని, ఈ 31కిని నడుమ మిగిలినదెంతయో చూడుడు. ఆ కొంచెములో మన బట్టలు అడ్డుపడరాదు.

కొలిమితిత్తి

తడిబల్బుకు చుట్టిన పలుచని మల్లుగుడ్డవంటిదే మన చొక్కా. ఆ గుడ్డకు బదులు జీన్సుముక్కను చుట్టి, దానిమీద దారము బిగించి కట్టినచో ఆ పరికరము సరిగా పనిచేయునా? మన శరీరమును అట్లు చుట్టి సరిగా పనిచేయుమందుము.

గుడ్డ వెచ్చగా నుండుటకు కారణము నూలుకంటె దానిలోను, దాని క్రిందను చిక్కుకొన్న కదలని గాలి. చలిదేశములలో ఆ గాలిపొరయే కావలసినది. మనకు అది పగ. చర్మమునకును చొక్కాకును నడుమనున్న గాలి చెమటయావిరితో నిండిపోయి అక్కడనే నిలిచినచో, బయటిగాలి ఎంత పొడిగా నున్నను లాభము లేదు. దానిని ఎప్పటికప్పుడు బయటికి త్రోయవలయును. వదులుగా కుట్టిన చొక్కా, అంచులు తెరచియున్న పంచె, లుంగీ ఈ పని తమంతటతామే చేయును. అడుగు వేసినప్పుడెల్ల గుడ్డ ఒకసారి ఒంటికి దగ్గరై మరల దూరమగును. కమ్మరివాని కొలిమితిత్తివలె పాతగాలిని వెడలగొట్టి క్రొత్తగాలిని పీల్చును. మెడదగ్గర తెరచియుంచినచో ఇంకను మేలు. ఒంటివేడికి తేలికయైన గాలి పొగగొట్టములోవలె పైకి లేచి మెడ ప్రక్కనుండి పోవును. లుంగీని మోకాళ్లపైకి ఎగగట్టుకొను మా వీధివారికి ఈ సూత్రమును ఎవరును చెప్పలేదు.

మా మిత్రుని జీన్సులో ఈ తిత్తికి చోటే లేదు. ఆపైన దాని బరువొకటి. మంచి జీన్సుగుడ్డ చదరపు మీటరుకు 400 గ్రాములు దాటును. పలుచని వాయిల్ 100 గ్రాములకు లోపుననే యుండును.

నూలా, పాలియెస్టరా?

అంగడిలో మొదటి చిక్కు ఇక్కడనే వచ్చినది. “అంతా కాటనే సార్” అని అంగడివాడు పది రకములు పరచెను. నేను ఒకదాని అంచునుండి రెండు దారపు పోగులు అడిగి తీసికొని, వీధిలోనికి వచ్చి అగ్గిపుల్ల గీసితిని. నూలుపోగు కాగితమువలె మండి, ఆ వాసనయే వేసి, బూడిదయై రాలిపోవును. పాలియెస్టర్ ముడుచుకొని, కరగి, చివర గట్టిపూసవలె నిలుచును. మాకు చిన్న పూసయే మిగిలినది. అంగడివాడు నవ్వి వేరొక బీరువా తెరచెను.

నూలుబట్ట మేలని అందరును అందురు గాని, ఎందుకు మేలో సరిగా చెప్పువారు తక్కువ. ఎండిన ప్రత్తిదారము 100 గ్రాములు తీసికొన్నచో, అది మామూలు గాలినుండి సుమారు 8 గ్రాముల తేమను తనలోనికి పీల్చుకొనును. పాలియెస్టర్ అర గ్రాముకూడ పీల్చదు. కావున చెమట పట్ట నారంభించినప్పుడు నూలుగుడ్డ ఆ మొదటి తేమను తనలోనికి తీసికొని చర్మమును కొంతసేపు పొడిగా నుంచును. అయితే మండువేసవిలో ఇది కొద్ది నిమిషముల సుఖమే. చెమట ధారగా పట్టినప్పుడు నూలుగుడ్డ నీరు నిండి, బరువై, ఒంటికి పట్టువేసినట్లు అతుక్కొనును. దాని రంధ్రములు నీటితో మూసుకొనిపోవును. ఆటగాండ్రు తొడుగుకొను పాలియెస్టర్ అల్లికచొక్కాల పోగులలో సన్నని కాలువలుండును. కేశనాళికత్వముచే చెమట వానివెంట ప్రాకి గుడ్డయంతటను పరచుకొని ఆరును. పరుగెత్తువానికి, సైకిలు త్రొక్కువానికి, గాలి తగులుచున్నంతసేపు ఇది మంచి యుపాయమే. గాలియాడని గదిలో కూర్చున్నవానికి ఆ కాలువలవలన ఒరుగునది తక్కువ. పైగా చెమటవాసన నూలులోకంటె పాలియెస్టర్‌లో ఎక్కువగా పట్టుకొనును.

నా అభిప్రాయము ఇది: ఉక్కపోతలో పోగు ఏదన్నది రెండవ ప్రశ్న, నేత ఎంత పలుచన, కుట్టు ఎంత వదులు అన్నది మొదటి ప్రశ్న. దట్టముగా నేసిన నూలుదుప్పటివంటి చొక్కాకంటె పలుచని కలనేత చొక్కాయే నయము. అంగడిలో గుడ్డను వెలుతురునకు పట్టి చూడవలెను. తరువాత నోటికి ఆనించి ఊదవలెను. ఊపిరి సులువుగా ఆవలికి పోయినచో ఆవిరియు పోవును. అంగడివారు దీనికి కోపగింపరు, ఒకింత వింతగా చూతురు.

మనవారు ఈ విద్యలో ఎవరికిని తీసిపోరు. శ్రీకాకుళము జిల్లా పొందూరులో కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి శుభ్రపరచి, చేతితో సన్నని నూలు వడికి నేయు ఖద్దరు ప్రసిద్ధము. 13వ శతాబ్దిలో మన మోటుపల్లి ప్రాంతపు సన్నబట్టలను మార్కోపోలో మెచ్చుకొనెను. అంత సన్ననివి ప్రతిదినము కట్టుకొనుటకు జేబు ఒప్పుకొనదు గనుక మేము మంగళగిరి నూలుగుడ్డ ఒకటి, మామూలు వాయిల్ రెండు కొంటిమి. మిత్రుడు లినెన్ చొక్కాను చాలసేపు తడవి చూచెను. అవిసెనారతో నేసిన ఆ గుడ్డ బిరుసుగానుండి ఒంటికి అతుక్కొనదు; తేమను నూలుకంటెను ఎక్కువ పీల్చును. వెల విని మరల మడతపెట్టించెను.

ఆ బిరుసుతనమును మన ఇండ్లలో గంజి ఇచ్చును. గంజిపెట్టిన పంచె ఒంటికి దూరముగా నిలిచి గాలికి దారి యిచ్చును. కాని గంజి చిక్కనైనచో పోగుల నడుమ రంధ్రములు పూడుకొనిపోవును. తేమగాలిలో అది మెత్తబడి జిగటయు నగును. పలుచని గంజి చాలును.

గుడ్డ సంగతి వచ్చినది గనుక మా ఇంటిలో జరిగినదొకటి చెప్పెదను. “నూలుచీరే కట్టుకున్నాను, అయినా నడుము దగ్గర చెమటకాయలు పోవడం లేదేమండీ?” అని నా భార్య అడిగినది. చీర వెంకటగిరి నూలుదే. క్రింది లంగా మాత్రము పాలియెస్టర్‌ది, దాని బొందు బిగించి కట్టినది, ఆపైన కుచ్చిళ్ల మడతలన్నియు ఒకేచోట. చెమటగ్రంథుల నాళములు ఎడతెగని తడికి మూసుకొనిపోయి చెమట చర్మములోపలనే నిలిచిపోవుటచేత చెమటకాయలు లేచును. లంగాను నూలుదానికి మార్చి, బొందుకు బదులు వెడల్పు నాడా వేయించితిమి. బాధ తగ్గినది. లెగ్గింగులు తొడుగుకొను ఆడపిల్లలకు మోకాళ్ల వెనుక, తొడలనడుమ వచ్చు తామరకును తడి, బిగుతు తోడుపడుచున్నవి. పలుచని నూలు సల్వార్ వదులుగా కుట్టించుకొన్నచో ఆ చిక్కు చాలవరకు ఉండదు.

రంగు, పడమటిగాలి

నల్లచొక్కాను ఏమి చేయవలెనని మిత్రుడు అడిగెను. ఎండలో తిరుగునప్పుడు, ఒంటికి తగులు పలుచని చొక్కా విషయమున తెలుపే మేలు. నలుపు ఎండవేడిని పీల్చి నేరుగా చర్మమునకు అందించును. నీడలో రంగుతో పనియే లేదు. మరి సినాయి ఎడారిలోని బెడూయిన్లు నల్లని అంగీలు ఏల తొడుగుదురు? ష్కోల్నిక్ మొదలగువారు దీనిని ఎండలో నిలబడి కొలిచి 1980లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. నల్ల అంగీలోను తెల్ల అంగీలోను మనిషికి చేరిన వేడి సమానమే. నల్లగుడ్డ పీల్చిన అదనపు వేడి, వదులైన అంగీలోపల కదలు గాలితో చర్మమును చేరకమునుపే కొట్టుకొనిపోయినది. ఇక్కడను గెలిచినది వదులుతనమే.

తీరవాసులకు ఇంకొక చిక్కు కలదు. మా ఊరికి రెండు రకముల వేసవులు. మధ్యాహ్నమునకు సముద్రపుగాలి తిరిగినచో ఎండ తగ్గి ఉక్క పెరుగును. ఏ దినమున పడమటిగాలి బలముగా వీచి సముద్రపుగాలిని ఒడ్డునే ఆపివేయునో, ఆ దినమున మచిలీపట్టణమువంటి రేవులలో సైతము ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు పోవును. గాలి పెనముమీది ఆవిరివలె ముఖమునకు కొట్టును. అట్టి దినమున ఉక్కపోత ఉడుపులు పనికిరావు. గాలి చర్మముకంటె వేడిగా నున్నప్పుడు దానిని ఒంటికి తగులనిచ్చుట వేడిని లోనికి ఆహ్వానించుటయే. అప్పుడు పొడుగుచేతుల వదులుచొక్కా, తలకు తుండుగుడ్డ కావలెను. చెమట ఎట్లును వెంటనే ఆరును. గుడ్డ చేయవలసినది వడగాలిని, ఎండను ఆపుట. తెలంగాణములో, రాయలసీమలో రైతు నడివేసవిలో తలపాగ తీయకుండుటకు అర్థమిదే.

మిత్రుడు వచ్చిన నాలుగవనాడు పడమటిగాలి వీచినది. అతడు క్రొత్త వాయిల్ పొట్టిచేతుల చొక్కా గుండీలు విప్పుకొని, వట్టితలతో పదకొండు గంటలకు బయలుదేరి, ఒంటిగంటకు తలనొప్పితో తిరిగివచ్చెను. తన ఊరిలో ఎన్నడును చేయని పని, మా ఊరివలె నుండవలెనని చేసెను. తప్పు నాది, ముందుగా చెప్పవలసినది.

చివరకు అతని పెట్టెలో చేరినవి: పొట్టిచేతుల వదులు వాయిల్ చొక్కాలు రెండు, పడమటిగాలి నాటికి పొడుగుచేతుల తెల్ల మంగళగిరి చొక్కా ఒకటి, పలుచని నూలు పైజమాలు రెండు, ఇంటిలో కట్టుకొనుటకు లుంగీలు రెండు, రెండు తుండుగుడ్డలు, ఒక గొడుగు, వేళ్లకు గాలి తగులు చెప్పులు. బనియను వలదంటిని. చొక్కాక్రింద మరియొక పొర అనవసరము. తీరదన్నచో వలవలె కన్నములున్నది నయము, అది చొక్కాను ఒంటికి అంటనీయదు. అన్నియు రెండేసి ఎందుకనగా, ఉక్కపోతలో మనిషి చెమటవలెనే ఉతికిన బట్టయు తొందరగా ఆరదు.

బడిపిల్లల బట్టలు

పెద్దలు బజారునకు పోయి కొనుక్కొందురు. పిల్లలకు ఆ స్వేచ్ఛ లేదు. జూన్ నెలలో బడులు తెరచునప్పటికి తీరమున ఉక్క తగ్గియుండదు. ఆ దినములలో పిల్లలు తొడుగు ఏకరూప దుస్తులగుడ్డ సాధారణముగా మూడింట రెండు పాళ్లు పాలియెస్టర్, ఒక పాలు నూలు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అను రసాయనజ్ఞులు కనుగొన్న టెరిలీన్ సంతతియే ఇది. దీనిని తిట్టుట సులభము. కాని తెల్లవారి లేచి కూలికి పోవు తల్లికి, రాత్రి ఉతికినది ఉదయమునకు ఆరవలెను, ఇస్త్రీ అక్కర లేకుండవలెను, రెండేండ్లు చినుగరాదు. ఈ మూడును పాలియెస్టర్ తీర్చును. అందుచే గుడ్డను మార్చుడని నేను పట్టుబట్టను. ఖర్చులేకుండ మార్చదగినవి వేరే కలవు. చొక్కా ఒక అంగుళము వదులుగా కుట్టించుట, టై తీసివేయుట, మెడగుండీ విప్పుకొననిచ్చుట, బూట్లకు మేజోళ్లకు బదులు చెప్పులను అనుమతించుట. మా ఊరిలోని ఒక బడిలో ప్రార్థన వరుసలో టై కట్టుకొని నిలిచిన పిల్లవాడొకడు తూలి పడుట నేను చూచితిని. నీడకు తెచ్చి మొట్టమొదట మేము విప్పినది ఆ టైనే.

దీనిని తరగతిలో పరీక్షించి చూపవచ్చును. ఒకే కొలత గ్లాసులు అయిదు తీసికొని సమానముగా నీరు పోయుడు. ఒకదానిని మూయక వదలుడు. మిగిలినవాని మూతులకు వరుసగా పాత మల్లుగుడ్డ, బడిదుస్తుల గుడ్డ, జీన్సుముక్క, పాలిథీన్ కాగితము కట్టుడు. అన్నిటిని ఒకే పంకా క్రింద, సమాన దూరమున నుంచి, ప్రతిదినము ఒకే వేళకు తూచి తరుగును వ్రాయించుడు. మల్లుగుడ్డకును బడిగుడ్డకును తేడా కొద్దిగానే కనిపించినచో నిరాశ పడవలదు. మరునాడు అదే బడిగుడ్డను నాలుగు మడతలు వేసి, నడుమువద్ద బెల్టు బిగించినట్లు గట్టిగా కట్టి మరల తూచుడు.